వెళ్లిపోయిన ఖాతాదారు వివరాలు కంపెనీల దగ్గర ఎంతకాలం ఉండవచ్చు?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని 8వ సెక్షన్ కింద రెండు ఉదాహరణలు ఉన్నాయి. మొదటిదానిలో ఒక మహిళ తన పాత కారు అమ్ముకోవడానికి ఒక ఆన్‌లైన్ సంస్థలో పేరు నమోదు చేసుకుంటుంది. కారు అమ్ముడుపోయాక ఆ సంస్థ ఆమె వివరాలను ఇక ఉంచుకోకూడదు. రెండోదానిలో ఒక మహిళ బ్యాంకులో తన పొదుపు ఖాతా మూసేస్తుంది. ఖాతాదారుల గుర్తింపు రికార్డులను ఖాతా మూసిన తర్వాత పదేళ్లపాటు భద్రపరచాలని బ్యాంకులకు వర్తించే చట్టం చెబుతోంది కాబట్టి ఆ పదేళ్లూ బ్యాంకు వాటిని ఉంచుకుంటుంది. పని అయిపోగానే తొలగించాలని మొదటి ఉదాహరణ చెబుతుంటే, మరో చట్టం దాచమన్నప్పుడు ఆగాలని రెండోది చెబుతోంది. ఒక కంపెనీతో లావాదేవీ ముగించుకుని వెళ్లిపోయిన మనిషి వివరాల గురించి వచ్చే ప్రతి ప్రశ్నా ఈ రెండింటి మధ్యే తేలాలి.

రెండో ఉదాహరణలోని పదేళ్ల అంకె దగ్గర కాస్త ఆగాలి. బ్యాంకులు ఈ రికార్డులను దాచాలని చెప్పే మనీ లాండరింగ్ నిరోధక చట్టం, 2002లోని 12వ సెక్షన్ ఒకప్పుడు పదేళ్లనే చెప్పేది. 2013లో అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని ఐదేళ్లకు తగ్గించింది. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు కూడా కనీసం ఐదేళ్లనే అంటాయి. ఉదాహరణ అనేది సూత్రాన్ని వివరించడానికే తప్ప గడువును నిర్ణయించడానికి కాదన్నది నిజమే. అయినా పార్లమెంటు ఆమోదించిన పాఠంలోనే పాత అంకె కనిపిస్తున్నప్పుడు, ఏ కాగితాన్ని ఎన్నాళ్లు దాచాలో ఒక బ్రాంచి ఉద్యోగికి స్పష్టంగా తెలిసి ఉంటుందని ఆశించలేం. తెలియనప్పుడు ఉద్యోగులు చేసేది ఒక్కటే, అన్నీ దాచేయడం.

అసలు నియమం 8వ సెక్షన్‌లోని ఏడో ఉపసెక్షన్‌లో ఉంది. వినియోగదారు తన సమ్మతిని వెనక్కి తీసుకున్నప్పుడు గానీ, ఏ ప్రయోజనం కోసం వివరాలు తీసుకున్నారో అది ఇక నెరవేరడం లేదని సహేతుకంగా భావించగలిగినప్పుడు గానీ, ఈ రెండింటిలో ఏది ముందు జరిగితే అప్పుడు కంపెనీ ఆ వివరాలను తొలగించాలి. తన తరఫున వాటిని వాడుతున్న కాల్ సెంటర్, ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థ, క్లౌడ్ సంస్థ వంటి వాటి చేత కూడా తొలగింపజేయాలి. మరో చట్టం ప్రకారం దాచడం అవసరమైతే మాత్రమే మినహాయింపు. ఇందులో ఇన్ని నెలలు, ఇన్ని సంవత్సరాలు అన్న లెక్క లేదు. ఇలాంటి నియమం మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. సున్నితమైన సమాచారాన్ని అవసరానికి మించి ఉంచుకోకూడదని ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలే చెప్పాయి. పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం వంటి కొన్నింటికే అది పరిమితం కావడం వల్ల, పేరు, ఫోన్ నంబరు, చిరునామా లాంటివి దాని పరిధిలోకి రాలేదు. కొత్త చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వ్యక్తిగత వివరాలన్నింటినీ కలుపుకుంది. దాని కింద నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల బాధ్యతలకు సంబంధించిన ప్రధాన భాగానికి పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చినందున అవి 2027 మేలో అమల్లోకి రావాలి.

ఇక ఆ మినహాయింపు సంగతి. దాచమని చెప్పే చట్టాలు మన దేశంలో తక్కువేమీ లేవు. జీఎస్టీ చట్టం ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. కంపెనీల చట్టం, 2013 ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు కావాలంటుంది. రుణ చరిత్ర నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలు కనీసం ఏడేళ్లు ఉంచాలి. టెలికాం సంస్థలు ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న కాల్ రికార్డులను ఏడాది ఉంచాలన్న లైసెన్సు షరతు 2021 డిసెంబరులో రెండేళ్లయింది. సోషల్ మీడియా వంటి మధ్యవర్తి సంస్థలు, ఖాతా రద్దు చేసుకున్న మనిషి నమోదు వివరాలను 180 రోజులు అట్టిపెట్టాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఇంటర్నెట్ వాడేవారి ఆచూకీ తెలియకుండా చూసే వీపీఎన్ సంస్థలు, క్లౌడ్ సేవల వాళ్లయితే, ఖాతాదారు వెళ్లిపోయాక కూడా అయిదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ కాలం పేరు, చిరునామా, ఐపీ అడ్రసులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఏమీ దాచకపోవడమే తమ వ్యాపారమని చెప్పుకునే కొన్ని వీపీఎన్ సంస్థలు ఆ ఏడాదే భారతదేశంలోని తమ సర్వర్లను తీసేసుకున్నాయి.

ఇన్ని గడువులు కలిసి ఒక తప్పుడు తర్కానికి దారితీస్తున్నాయి. ఏదో ఒక చట్టం ఏదో ఒక కాగితాన్ని ఎనిమిదేళ్లు ఉంచమంది కాబట్టి ఆ మనిషికి సంబంధించిన సమస్తాన్నీ ఎనిమిదేళ్లు ఉంచవచ్చని కంపెనీలు అనుకుంటాయి. ఈ వ్యాసం గట్టిగా కాదనేది ఈ తర్కాన్నే. గడువు మనిషికి వర్తించేది కాదు, ఒక్కొక్క వివరానికి, దాన్ని తీసుకున్న ఒక్కొక్క ప్రయోజనానికి వర్తించేది.

తీరిపోయిన ఒక వ్యక్తిగత రుణాన్ని చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. యాప్ ద్వారా లక్ష రూపాయలు తీసుకుని, వాయిదాలన్నీ కట్టేసి, బకాయి లేదన్న పత్రం పుచ్చుకున్న మనిషి గురించి రుణ సంస్థ దగ్గర ఏముంటుంది? ఆధార్, పాన్ ప్రతులు, సెల్ఫీ ఉంటాయి. ఇవి కేవైసీ రికార్డులు కాబట్టి సంబంధం ముగిశాక ఐదేళ్లు ఉండాలి. అసలు, వడ్డీ, ఎప్పుడు ఎంత కట్టాడన్న పద్దులు ఉంటాయి. ఇవి ఖాతా పుస్తకాల్లో భాగం కాబట్టి ఎనిమిదేళ్లు ఉండాలి. అక్కడితో చట్టం అడిగేవి దాదాపు అయిపోయాయి. కానీ అదే సర్వర్‌లో అతని నెలవారీ జీతం ఎంతో తెలిపే బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది, పూచీ కోసం ఇచ్చిన ఇద్దరు స్నేహితుల ఫోన్ నంబర్లు ఉంటాయి, దరఖాస్తు చేసిన రోజు ఫోన్ ఎక్కడుందో చెప్పే లొకేషన్ ఉంటుంది, వాయిదా ఆలస్యమైనప్పుడు కాల్ సెంటర్ చేసిన ఫోన్ల రికార్డింగులు ఉంటాయి, ఇతనికి మళ్లీ అప్పు అంటగట్టవచ్చా లేదా అని లెక్క వేసిన మార్కులు ఉంటాయి. వీటిలో చాలావాటిని ఎనిమిదేళ్లు దాచమని ఏ చట్టమూ అడగలేదు. కోర్టు కేసు వస్తే కావాలి కదా అన్న వాదన కొంతవరకు ఒప్పుకోదగినదే అయినా, ఒప్పందాల దావాలకు కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు సాధారణంగా మూడేళ్లు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లు. పైగా స్నేహితుల నంబర్లతో ఏ కేసూ నిలబడదు. ఆ ఇద్దరూ అసలు ఆ సంస్థకు ఎన్నడూ ఖాతాదారులే కారు.

ఆ నంబర్ల విషయంలో తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు బయటపడిన పద్ధతి అదే: అప్పు తీసుకున్నవాడి ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాను లాగి, బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీయడం. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు కాంటాక్టులను, కాల్ లాగ్‌లను ముట్టుకోవద్దన్నాయి. ఇచ్చిన వివరాలను తొలగించమని కోరే వీలు రుణగ్రహీతకు కల్పించాలన్నాయి. ఏ వివరాన్ని ఎంతకాలం ఉంచుతారో స్పష్టమైన విధానం ఉండాలన్నాయి. ఇది సరైన దారి. అయితే యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన కంపెనీ సర్వర్‌లోంచి ఏదీ పోదన్న సంగతి చాలామంది రుణగ్రహీతలకు ఇప్పటికీ తెలియదు. డేటా రక్షణ చట్టం దృష్టిలో అన్‌ఇన్‌స్టాల్ చేయడం సమ్మతిని ఉపసంహరించుకోవడం కాదు. ఆ మాట కంపెనీకి చెప్పాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 6వ సెక్షన్ నిర్దేశించింది.

దాచడం వేరు, వాడుకోవడం వేరు. ఈ తేడా మీద ఆధారపడిన హక్కు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మనీ లాండరింగ్ చట్టం కోసం ఐదేళ్లు ఉంచిన ఫోన్ నంబరు దర్యాప్తు సంస్థ అడిగితే ఇవ్వడానికే తప్ప, పండగ ఆఫర్ల గురించి మెసేజ్ పంపడానికి కాదు. డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్ కింద ఇచ్చిన మందుల షాపు ఉదాహరణ దీన్ని బాగా చూపిస్తుంది: మందులు కొన్నామె రసీదును ఫోన్‌కు మెసేజ్‌గా పంపమని నంబరు ఇస్తే, దుకాణం ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. రసీదు వెళ్లగానే ఆ ప్రయోజనం తీరిపోయింది. మన ఊళ్లలో బట్టల షాపుల్లో, నగల దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చెప్పిన నంబరు ఆ రోజుతో ఆగడం ఎక్కడా కనిపించదు. నంబరు ఇవ్వనిదే బిల్లు వేయమని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది గానీ, కౌంటర్ దగ్గర వెనక లైన్ పెరుగుతుంటే వాదించే ఓపిక ఎవరికి ఉంటుంది?

కచ్చితమైన అంకె చెప్పిన చోటు ఒకటుంది. 2025 నిబంధనల మూడో షెడ్యూలు ప్రకారం, దేశంలో రెండు కోట్లకు తక్కువ కాకుండా వినియోగదారులున్న ఈ-కామర్స్ సంస్థలు, అంతే సంఖ్య ఉన్న సోషల్ మీడియా సంస్థలు, యాభై లక్షలకు తక్కువ కాకుండా వినియోగదారులున్న ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలు, మూడేళ్లపాటు తమ వైపు రాని మనిషి వివరాలను తొలగించాలి. తొలగించడానికి కనీసం 48 గంటల ముందు ఆ మనిషికి చెప్పాలి. అప్పుడు ఒక్కసారి లాగిన్ అయితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. చూడటానికి ఇది బాగానే ఉంది. కానీ మూడేళ్లు ఎప్పటి నుంచి అన్న దగ్గర, వినియోగదారు చివరిసారి వచ్చిన తేదీ లేదా నిబంధనలు ప్రారంభమైన తేదీ, వీటిలో ఏది ఆలస్యమైతే అది అన్నారు. అంటే 2015లో ఒక షాపింగ్ సైట్ వదిలేసిన మనిషి, తనంతట తాను అడగకపోతే, ఎంత తక్కువ లెక్క వేసినా 2028 నవంబరు వరకు ఆ సైట్ దగ్గర ఉంటాడు. ఖాతాలోకి ప్రవేశం కల్పించడానికి, వాలెట్‌లో మిగిలిన సొమ్ము లాంటివి వాడుకోనివ్వడానికి అవసరమైన వివరాలకు ఈ మూడేళ్ల లెక్క కూడా వర్తించదు. ఇదే నిబంధనల్లో మరో మాట ఉంది: దేశ భద్రత వంటి ప్రయోజనాల కోసం వ్యక్తిగత వివరాలను, వాటి వాడకాన్ని నమోదు చేసే లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలి. ఇది పెద్ద సంస్థలకే కాదు, అందరికీ. వినియోగదారు ఈరోజు తుడిచెయ్యమన్నా ఏడాది వరకు పూర్తిగా తుడవకూడదన్నమాట. వివరాలను తక్కువగా ఉంచాలన్న చట్టం ఉద్దేశానికీ దీనికీ పొసగడం లేదు.

ఇక కోచింగ్ సెంటర్, జిమ్, డయాగ్నస్టిక్ ల్యాబ్, పెళ్లి సంబంధాల సైట్ వంటి మామూలు సంస్థలకు మూడేళ్ల లెక్క కూడా లేదు. ప్రయోజనం ఎప్పుడు తీరిందో వాళ్లే తేల్చుకోవాలి. పెళ్లి కుదిరిన అమ్మాయి జాతకం, జీతం, ఫొటోలు సంబంధాల సైట్‌లో ఇంకా ఎందుకుండాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏ షెడ్యూలూ అక్కర్లేదు, ఇంగితం చాలు. కానీ ఇంగితం మీద వదిలేసిన చోట వాణిజ్య ప్రయోజనమే గెలుస్తుంది, ఎందుకంటే పాత ఖాతాదారుల జాబితాకు మార్కెట్‌లో ధర ఉంది. 2023 వసంతంలో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక కేసులో, అమ్మకానికి పెట్టిన డేటా 66.9 కోట్ల మంది వ్యక్తులకూ సంస్థలకూ చెందిందని వాళ్లు ప్రకటించారు.

దాచినదంతా ఎప్పుడో ఒకప్పుడు బయటికి పొక్కే ప్రమాదం ఉన్నదే, ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది వెళ్లిపోయినవాళ్లకే. అమెరికాలో ఏటీ అండ్ టీ 2024 మార్చిలో ఒప్పుకున్న లీకులో దాదాపు 7.3 కోట్ల మంది వివరాలుంటే, వాళ్లలో అప్పటి ఖాతాదారులు 76 లక్షల మందే, మిగిలిన 6.54 కోట్ల మంది మాజీలు. ఆస్ట్రేలియాలో లాటిట్యూడ్ ఫైనాన్షియల్ సంస్థ నుంచి 2023లో దొంగిలించిన రికార్డుల్లో దాదాపు 61 లక్షలు కనీసం 2005 నాటి నుంచి పోగుపడినవి. పద్దెనిమిదేళ్ల కిందట అప్పు కోసం అడిగిన మనిషి పుట్టినతేదీ, చిరునామా ఆ కంపెనీకి ఏ పనికి వచ్చాయో ఎవరూ చెప్పలేరు. దొంగలకు మాత్రం పనికొచ్చాయి. ప్రస్తుత ఖాతాదారు పాస్‌వర్డ్ మార్చుకోగలడు, కంపెనీ పంపే హెచ్చరిక చూసుకోగలడు. మాజీ ఖాతాదారుకు తన వివరాలు అక్కడున్నాయన్న స్పృహే ఉండదు.

యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా అంకెలు చెప్పదు, అవసరం మేరకే అంటుంది. అయితే అక్కడి నియంత్రణ సంస్థలు ఆ మాటను ఆచరణలో ఎలా చదివాయో చూడాలి. బెర్లిన్‌లో ఇళ్లు అద్దెకిచ్చే డాయిచె వోనెన్ అనే పెద్ద సంస్థ, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల జీతం పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తుడిచే వీలే లేని వ్యవస్థలో దాచిందని 2019లో 1.45 కోట్ల యూరోల జరిమానా విధించారు. ఆ వివాదం యూరోపియన్ న్యాయస్థానం దాకా నడిచింది. 2019లోనే డెన్మార్క్‌లో టాక్సా అనే ట్యాక్సీ కంపెనీ ఉదంతం ఇంకా ఆసక్తికరం. రెండేళ్ల తర్వాత ప్రయాణికుల పేర్లు తీసేస్తున్నాం కాబట్టి మిగిలింది వ్యక్తిగత సమాచారం కాదని ఆ కంపెనీ వాదించింది. కానీ ఫోన్ నంబర్లను మరో మూడేళ్లు అట్టిపెట్టింది, తమ డేటాబేస్‌లో ప్రతి ప్రయాణాన్నీ గుర్తించే తాళంచెవి నంబరేనని చెప్పుకుంది. 88 లక్షలకు పైగా ప్రయాణాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో ఆ నంబర్లతో ముడిపడి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ను అలా కట్టుకోవడం కంపెనీ సమస్యే తప్ప ప్రయాణికుడిది కాదని డెన్మార్క్ అధికారులు తేల్చి, 12 లక్షల క్రోన్‌ల జరిమానాకు ప్రతిపాదించారు.

భారతదేశంలో ఈ ఫోన్ నంబరు సమస్య ఇంకా లోతైనది. ఇక్కడ దాదాపు ప్రతి సంస్థ డేటాబేస్‌లోనూ మనిషి అంటే పది అంకెల మొబైల్ నంబరే. ఆ నంబరు శాశ్వతం కాదు. వాడకుండా వదిలేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ కేటాయించరని, ఆ తర్వాత కొత్తవారికి ఇవ్వవచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివరించింది. ఉద్యోగం కోసం దుబాయ్‌కో అమెరికాకో వెళ్లి ఇక్కడి సిమ్ వదిలేసిన తెలుగువారు ఎందరో ఉన్నారు. వాళ్ల పాత నంబరు ఈపాటికి ఎవరో అపరిచితుల చేతిలో ఉండి ఉంటుంది. తొలగింపుకు 48 గంటల ముందు పంపాల్సిన హెచ్చరికను కంపెనీ ఆ నంబరుకే పంపితే, అది చేరేది అపరిచితుడికి. ఓటీపీతో లాగిన్ అయ్యేదీ అతనే. మూడేళ్ల లెక్క మళ్లీ మొదలయ్యేదీ అతని వల్లే. పాత వివరాలను ఎక్కువకాలం ఉంచేకొద్దీ అవి తప్పుడు మనిషికి అంటుకునే అవకాశం పెరుగుతుంది. నిబంధనలు రాసినవారు ఈ చిక్కును పట్టించుకున్నట్లు కనిపించదు.

తొలగించడం సాంకేతికంగా కష్టమన్న మాట తరచూ వినిపిస్తుంది. బ్యాకప్‌లలో, బ్రాంచీల ఎక్సెల్ షీట్లలో, ఏజెంట్ల వాట్సాప్‌లో చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరడం కష్టమే. కానీ గట్టిగా అడిగినప్పుడు సాధ్యమైంది. కొనుగోలుదారుల కార్డు నంబర్లను దుకాణాలు దాచుకోవడానికి వీల్లేదని రిజర్వు బ్యాంకు చెప్పి, గడువులు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 2022 అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. వ్యాపారం ఆగిపోతుందన్న భయాలు నిజం కాలేదు, కార్డు నంబరు స్థానంలో దానికి బదులుగా వాడే సంకేతాలు, అంటే టోకెన్లు వచ్చాయి. ఆధార్ ధ్రువీకరణ లాగ్‌లను ఐదేళ్లు ఉంచే ఏర్పాటును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తోసిపుచ్చి ఆరు నెలలకు మించకూడదంది.

తొలగింపు నియమాన్ని ఉల్లంఘిస్తే జరిమానా 50 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. దాచినవి తగిన భద్రత లేక లీకైతే 250 కోట్ల వరకు వెళ్లవచ్చు. వినియోగదారు ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి, దాన్ని 90 రోజుల్లోపు పరిష్కరించాలి, తేలకపోతే ఈ చట్టం కింద ఏర్పాటయ్యే డేటా రక్షణ బోర్డు దగ్గరికి వెళ్లవచ్చు. అడిగేటప్పుడు ఏయే వివరాన్ని ఏ చట్టం కింద, ఏ తేదీ వరకు ఉంచుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని కోరడం మేలు. చట్టప్రకారం ఉంచాలి అన్న ఒక్క వాక్యం జవాబు కాదు. ఒక చోట మాత్రం ఈ దారి మూసుకుపోయి ఉంది, మరోచోట మూసుకుపోవచ్చు. ప్రభుత్వ సంస్థలకు తొలగింపు బాధ్యత నుంచి 17వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కేంద్రం కోరుకుంటే స్టార్టప్‌ల వంటి కొన్ని తరగతుల సంస్థలకూ ఇవ్వవచ్చు. వివరాలను అత్యంత విచ్చలవిడిగా పోగుచేసేవి కొన్నిసార్లు కొత్త కంపెనీలే కాబట్టి ఈ అధికారాన్ని ఎలా వాడతారన్నది గమనించాల్సిన విషయం.

అంతకంటే దగ్గరలో ఉన్న ప్రశ్న పాత సమ్మతులది. చట్టం అమల్లోకి రాకముందు తీసుకున్న సమ్మతి మీద వివరాలు వాడుతున్న కంపెనీలు, ఏ వివరాలు ఎందుకు వాడుతున్నాయో, సమ్మతిని ఎలా ఉపసంహరించుకోవచ్చో, బోర్డుకు ఎలా ఫిర్యాదు చేయవచ్చో తెలుపుతూ వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలని 5వ సెక్షన్ అంటుంది. చట్టం నిర్వచనంలో కేవలం నిల్వ చేయడం కూడా వాడకమే. కాబట్టి ఎప్పుడో వదిలేసిన ఖాతాదారు వివరాలను సమ్మతి పేరుతో ఉంచుకున్న ప్రతి సంస్థా 2027 మే తర్వాత ఆ మనిషిని వెతికి నోటీసైనా పంపాలి, లేదా ఆ వివరాలనైనా తొలగించాలి.